రాగి తీగకు కొలువు

ఎండలు ముదిరితే మా కరెంటు ఆఫీసులో అందరికన్నా ముందు దాహం తీరేది ఎర్త్ గుంటకి. మెట్ల పక్కన, కరివేపాకు చెట్టు కింద, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన గొయ్యి అది. లైన్‌మన్ ఏసుదాసు రోజూ భోజనానికి వెళ్ళేముందు అందులో బిందెడు నీళ్ళు కుమ్మరిస్తాడు. మట్టి తడిగా ఉంటేనే కరెంటు అందులోకి దిగుతుంది. మాకు తాగడానికి కుండలో నీళ్ళు లేని రోజులున్నాయి గాని, గుంటకి లేని రోజు లేదు.

నేనా ఆఫీసులో హెడ్ గుమాస్తాని. స్తంభాలెక్కడం నా పని కాదు, ఎక్కినవాళ్ళ గురించి పైకి రాయడం నా పని. రాసి రాసి నాకూ కాస్త కరెంటు అబ్బింది. అబ్బినంతా ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత జరిగింది అర్థం కావడానికి అవసరం.

కరెంటు ఒక తీగలో వస్తుంది, మోటారు తిప్పుతుంది, ఇంకో తీగలో వెళ్ళిపోతుంది. మోటారు లోపల తీగ మీది పూత అరిగి ఇనుముకి తగిలిందనుకోండి, అప్పుడది దారి తప్పి మర ఒంట్లో కూచుంటుంది. ఊరికే కూచోదు, నేలలోకి దిగే దారి కోసం కాచుకుని ఉంటుంది. చెప్పుల్లేకుండా ఎవరైనా వచ్చి చెయ్యి వేస్తే ఆ మనిషే దారి. అలా జరక్కుండా మనిషికన్నా సులువైన దారి ఒకటి ముందే వేసి పెడతారు. అదే ఎర్త్ తీగ. ఇనుము నుంచి గుంటలోకి ఒక రాగి తీగ, అంతే. దారి తప్పిన కరెంటు అందులోంచి ఒక్కసారిగా దూకేసరికి ఫ్యూజు కాలిపోతుంది, మర ఆగిపోతుంది, మనిషి మిగులుతాడు. శాస్త్రంలో చిక్కేమీ లేదు. నేల ఎవరిదన్న దగ్గరే చిక్కు వచ్చింది.

ఆ ఏడాది ఆడిట్‌కి వచ్చినాయన పేరు పరాంకుశం గారు. కాఫీ తాగి మెట్లమీద నిలబడి, ఏసుదాసు బిందె వంచడం చూశారు.

"ఈ సిబ్బంది సభ్యుడు నిర్వహిస్తున్న కార్యం ఏమిటి?"

"ఎర్త్ గుంటకి నీళ్ళండి" అన్నాడు ఏసుదాసు. "కరెంటు తప్పుదారి పడితే ఇందులోకి దిగిపోద్దండి."

"దిగిన తర్వాత?"

"దిగిపోద్దండి. అంతేనండి."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటే ఎక్కడో ఎవరో సస్పెండ్ అవుతారని ప్రతీతి. "అనగా శాఖ ఉత్పత్తి చేసిన విద్యుత్తు, శాఖకు చెందని భూమిలోకి, ఎవరి సంతకమూ లేకుండా వెళ్ళిపోతున్నది. స్వీకరించిన వారెవరు? స్వీకరించినట్టు దాఖలా ఉన్నదా? పైగా వెళ్ళడానికి వీలుగా మీరే నీళ్ళు పోస్తున్నారు."

ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరికీ తోచలేదు. ఆ సాయంత్రమే అది ఆడిట్ అభ్యంతరమై మా డివిజనల్ ఇంజనీరు, అంటే డి.ఇ., ముక్కామల భాస్కరరామం గారి బల్ల మీదికి వచ్చింది.

భాస్కరరామం గారు తెలివైన ఇంజనీరు. ఇంజనీరు అయ్యి చాలాకాలమైంది, తెలివి మాత్రం ఉంది. నన్ను పిలిచి, విద్యుత్తు ఎక్కడికీ పోలేదనీ, భూమిలోనే భద్రంగా ఉందనీ, భూమి రెవెన్యూ వారి ఆధీనంలో ఉన్నందున వారే ధ్రువీకరించగలరనీ తహసీల్దారుకి ఉత్తరం రాయమన్నారు. నేను రాశాను. నా ఉత్తరం మీద నాకు గర్వం కలిగింది. ఎంత గర్వమంటే, ఇంటికెళ్ళి మా ఆవిడకి చదివి వినిపించాను.

తహసీల్దారు దివ్యప్రసాదం గారు జవాబు తిరుగు టపాలో ఇచ్చారు. భూమిలో ఉన్నది నిధి అయినా, నీరైనా, ఖనిజమైనా రెవెన్యూ వారిదేననీ, అందులోకి అనుమతి లేకుండా విద్యుత్తును ప్రవేశపెట్టడం ఆక్రమణ కిందకి వస్తుందనీ, ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి మరీ పోషించిన ఆక్రమణ గనుక తీవ్రంగా పరిగణించాల్సి ఉంటుందనీ రాశారు. అడుగున, ఆక్రమించిన విద్యుత్తును వెంటనే ఖాళీ చేయించవలెనని నోటీసు.

ఉమ్మడి సమావేశం పెట్టారు. రెండు శాఖల వాళ్ళూ బల్లకి అటూ ఇటూ కూచుని జీడిపప్పు తిన్నారు. చివరికి ఒక గొప్ప అంగీకారానికి వచ్చారు. రెవెన్యూ వారు నిరభ్యంతర పత్రం ఇచ్చేదాకా డివిజన్‌లో ఎర్త్ తీగలన్నీ కత్తిరించి, సీలు వేసి, భద్రపరచాలి. సీలు తెంచినవారి కనెక్షన్ తీసెయ్యాలి.

మా అసిస్టెంటు ఇంజనీరు హిమబిందు లేచింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా లేచి మాట్లాడే వయసు. "సర్, ఎర్త్ లేకపోతే ఫాల్ట్ వచ్చినప్పుడు ఫ్యూజు పోదు సర్. మర ఆగదు."

డి.ఇ. గారు చిరునవ్వు నవ్వారు. "ఫ్యూజు పోదు, మర ఆగదు. వినియోగదారుడికి అంతరాయం లేని సరఫరా. ఈ అంశాన్ని కూడా సమావేశ నిర్ణయాల్లో చేర్చండి గుమాస్తా గారూ." చేర్చాను.

మా వీరంపాలెంలో మొదటి తీగ కత్తిరించింది నూకరత్నం మరలో. కాలవగట్టు దగ్గర కారం మర ఆమెది. భర్త పోయాక తానే నడుపుకుంటోంది. మిరపకాయలు ఎండే ఈ రెండు నెలలూ ఆడితేనే ఏడాదంతా పొయ్యి వెలుగుతుంది. మర నోట్లో కాయలు పోసేది ఆమె ఆడపడుచు వరాలమ్మ. పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఆవిడ చెయ్యి ఆ ఇనుము మీదే ఉంటుంది. మోటారు పాతది. చెమ్మ పట్టిన పొద్దుల్లో కాస్త కరెంటు ఒంటికి వదులుతుంది. ఆ వదిలింది ఎర్త్ తీగ గుట్టుగా గుంటలోకి దింపేసేది.

ఏసుదాసు కటింగ్ ప్లయరు పట్టుకుని వెళ్ళాడు. నేను సీలు వెయ్యడానికి లక్కా కొవ్వొత్తీ పట్టుకుని వెళ్ళాను.

"ఏటి ఏసుదాసూ, ఆ తీగ నిన్నేం చేసింది?" అంది నూకరత్నం.

"ఆర్డరు రత్నమక్కా. ఇందులోంచి కరెంటు ఎల్లి నేలని ఆక్రమించేత్తందంట."

"నేలా? ఏ నేల? ఇది మా మావగారు కొన్న జాగా."

"పైది మీదేనమ్మా" అన్నాను నేను. "లోపలిది సర్కారుది."

ఆమె నావంక ఎలా చూసిందంటే, లక్క నా వేలి మీద పడింది.

మర్నాడు పొద్దున వరాలమ్మ డబ్బాతో కాయలు పోస్తూ రెండు గజాల దూరాన బస్తాల మీద పడింది. కాళ్ళకి రబ్బరు చెప్పులున్నాయి గనుక బతికింది. నూకరత్నం ఆమెని ఇంట్లో పడుకోబెట్టి, కారం చేతులతోనే మా ఆఫీసుకి వచ్చింది. ఆమె వెనక ఆఫీసంతా తుమ్మింది.

డి.ఇ. గారు శాంతంగా విన్నారు. "చూడమ్మా. సరఫరా ఆగిందా?"

"ఆగలేదండి."

"ఫ్యూజు పోయిందా?"

"పోలేదండి. పోతే బాగుణ్ణండి."

"అయితే సాంకేతికంగా లోపం సంభవించలేదు. నీ ఆడబిడ్డకు, విద్యుత్తుకు మధ్య జరిగినది వ్యక్తిగత సంపర్కం. అందులో శాఖ జోక్యం చేసుకోజాలదు. నీకు ఎర్త్ కావాలంటే రెవెన్యూ వారికి దరఖాస్తు పెట్టుకో. ఏ రోజున, ఏ సమయంలో, ఎంత విద్యుత్తు భూమిలోకి దిగదలచుకున్నదో ముందస్తుగా తెలియపరచాలి."

"కరెంటు ఎప్పుడు తప్పుతాదో నాకు ముందే సెప్పదు గదండి బాబూ."

"అదే మన సమాజంలోని క్రమశిక్షణా రాహిత్యం" అన్నారు డి.ఇ. గారు. కరెంటునే అన్నారో, ఆమెనే అన్నారో నాకు తెలీలేదు.

ఆమె దరఖాస్తు పెట్టింది. తేదీ దగ్గర "దేవుడికే తెలియాలి" అని రాయించింది. దివ్యప్రసాదం గారు దాన్ని తిరస్కరించలేదు, ఆయన పద్ధతైన మనిషి. దిగిన కరెంటు ఆ తర్వాత ఎక్కడికి వెళ్తుందో తేల్చమన్నారు. హిమబిందుని పిలిపిస్తే, నేలలోంచి తిరిగి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరకే చేరుతుందని చెప్పింది. పాపం, నిజం చెప్పింది.

"అంటే మర దగ్గర నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పరుల భూముల గుండా నడుస్తుందన్నమాట" అన్నారు తహసీల్దారు గారు. "దారి హక్కు ఉన్నదా?"

సర్వేయరు గొలుసు పట్టుకుని దిగాడు. కారం మర నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా రాళ్ళు పాతి, సున్నం కొట్టి, కరెంటు నడిచే దారి గుర్తు పెట్టాడు. దారి మధ్యలో పాలకేంద్రం, ఒక వంకాయ తోట, శ్మశానం మూల వచ్చాయి. తోటాయన తన వంకాయలు ఈమధ్య గిడసబారడానికి కారణం ఇప్పుడు తెలిసిందన్నాడు. పాలకేంద్రం వాళ్ళు కరెంటు రాత్రిపూట నడిస్తే అభ్యంతరం లేదన్నారు. శ్మశానం తరఫున ఎవరూ రాలేదు గనుక ఆ విచారణ వాయిదా పడింది. సున్నపు గీత చూసి ఊళ్ళోవాళ్ళు పిల్లల్ని ఆ దారంట వెళ్ళొద్దనడం మొదలెట్టారు. అది దాటాలంటే కాళ్ళెత్తి దాటేవారు.

ఈలోగా నూకరత్నం మర దగ్గర బేరాలు తగ్గాయి. మనుషులు మిరపకాయల మూటలు దూరం నుంచే విసిరి పోతున్నారు. వరాలమ్మ చేతులకి గోనెగుడ్డ చుట్టుకుని, ఎండు పీట మీద నిలబడి కాయలు పోస్తోంది. ఆవిడ పోసిన ప్రతిసారీ నూకరత్నం ఊపిరి బిగబట్టడం నేను చూశాను. నాకు బాధేసింది. బాధేస్తే నేను చెయ్యగలిగింది ఒక మెమో రాయడం, అది రాశాను.

అప్పుడు మా డి.ఇ. గారికి ఆలోచన వచ్చింది. అలాంటి ఆలోచన ఒక ఉద్యోగానికి ఒకసారే వస్తుంది, వచ్చాక మరి ప్రమోషన్ ఆగదు.

"భూమి రెవెన్యూ వారిది. ఒప్పుకున్నాం. పూలకుండీలో మట్టి ఎవరిది?"

జవాబు కోసం ఆగకుండా ఆయనే చెప్పారు.

"కుండీలోని మట్టి చరాస్తి. రెవెన్యూ వారి పరిధిలోకి రాదు. ప్రతి వినియోగదారునికి ఒక కుండీ. ఎర్త్ తీగను ఆ కుండీలో పాతండి."

హిమబిందు గొంతు తగ్గించి అంది. "సర్, కుండీలోంచి కరెంటు ఎక్కడికీ వెళ్ళలేదు సర్."

"అదే దాని విశిష్టత అమ్మాయీ. శాఖ ఆస్తి శాఖలోనే ఉంటుంది. ఆడిట్ వారి అభ్యంతరం కూడా ఈ దెబ్బతో తీరిపోతుంది."

నిజంగానే తీరిపోయింది. పరాంకుశం గారు ప్రశంసాపత్రం పంపారు. కుండీ ఎర్త్ అంటే జిల్లా అంతా వెర్రెత్తిపోయింది. వేరే డివిజన్ల వాళ్ళు బస్సులేసుకుని చూడ్డానికి వచ్చారు. కుండీలకి ఎర్రరంగూ పచ్చరంగూ వేశారు, ముగ్గుల పోటీలాగా కుండీల పోటీ పెట్టారు. ఒక పెద్దమనిషి ఇంట్లో తులసమ్మని తీసేసి ఆ కుండీలో తీగ గుచ్చుకున్నాడు. భార్య తీగకే దీపం పెట్టిందట. పథకం ప్రారంభోత్సవం ఎక్కడ చెయ్యాలని ఆలోచించి, మొదటి తీగ తెగింది అక్కడే గనుక నూకరత్నం మర దగ్గరే పెట్టారు. రెండు శాఖల మధ్య సామరస్యానికి గుర్తుగా దివ్యప్రసాదం గారు ముఖ్య అతిథి.

ఏ యంత్రాన్నయినా మనవాళ్ళు బొట్టు పెట్టకుండా ప్రారంభించరు. కొబ్బరికాయ కొట్టకుండా అసలే ప్రారంభించరు. దేవుడి దగ్గరకి చెప్పులతో వెళ్ళరు. ఈ మూడూ మంచి అలవాట్లే. మూడూ ఒకచోట కలిశాయి, అంతే.

పూజారి మంత్రం మొదలెట్టగానే దివ్యప్రసాదం గారు బూట్లు, మేజోళ్ళు విప్పారు. ఏసుదాసు కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు గచ్చంతా పారాయి. ఫొటోలో బాగుంటుందని మర ఆడుతుండగానే బొట్టు పెట్టమన్నారు మా డి.ఇ. గారు.

"అయ్యా, ముట్టుకోకండి. చెప్పులేసుకోండి" అంది నూకరత్నం వెనకనుంచి.

"పూజలో చెప్పులేమిటమ్మా?" అన్నారు తహసీల్దారు గారు, ఆడవాళ్ళ చాదస్తానికి నవ్వుతూ. మూడు వేళ్ళకీ కుంకుమ అద్దుకుని మర నుదుటి మీద పెట్టారు.

ఆయన కారం గుట్టలో పడ్డారు. పడ్డందుకన్నా, తేరుకుని గాలి పీల్చినందుకు ఎక్కువ బాధపడ్డారు. రంగు వేసిన కుండీ ఉన్నచోటే, అందంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. ఫొటో మాత్రం బాగా వచ్చింది.

ఆస్పత్రి నుంచి ఆయన ఇంటికి వచ్చాక విచారణ సంఘం కూచుంది. కుండీదే తప్పంటారని నేననుకున్నాను. హిమబిందు కూడా అదే అనుకుని, రెండు కాగితాలు రాసుకుని వచ్చింది. ఆ కాగితాలు తియ్యనేలేదు. పరాంకుశం గారు కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టారు.

"ప్రారంభోత్సవం నాడు విద్యుత్తు భూమిలోకి దిగినదా లేదా?"

"దిగిందండి" అన్నారు డి.ఇ. గారు.

"ఎవరి ద్వారా?"

అందరం దివ్యప్రసాదం గారి వంక చూశాం. ఆయన వేళ్ళకి ఇంకా కట్లున్నాయి.

"రెవెన్యూ శాఖ అధీకృత అధికారి ద్వారా. అనగా సదరు విద్యుత్తును రెవెన్యూ శాఖ స్వహస్తంతో స్వీకరించి భూమికి అప్పగించినది. ఇందులో ఆక్రమణ లేదు. రసీదు లేదన్న లోటు కూడా లేదు, వేళ్ళ మీద మచ్చలున్నాయి. ఇన్నాళ్ళూ మనం వెతుకుతున్న చట్టబద్ధమైన మార్గం ఇదే."

డి.ఇ. గారు లేచి పరాంకుశం గారికి చెయ్యి కలిపారు. ఒక గొప్ప తర్కం పూర్తయినప్పుడు అలాగే ఉంటుంది. దివ్యప్రసాదం గారు తేరుకుని, అయితే ఈ బాధ్యతను తన స్థాయిలో కాకుండా కింది స్థాయిలో అప్పగించడం పరిపాలనా సౌలభ్యం రీత్యా సముచితమన్నారు. అది అందరికీ సబబుగానే తోచింది.

అలా పుట్టింది భూసంధాన సహాయకుడనే ఉద్యోగం. ప్రతి మర దగ్గరా రెవెన్యూ ఉద్యోగి ఒకడు, పాదరక్షలు లేకుండా, తడి నేల మీద నిలబడి, యంత్రం మీద చెయ్యి వేసి ఉంచాలి. మధ్యాహ్నం అరగంట భోజన విరామం. విధి నిర్వహణలో మరణిస్తే కుటుంబంలో ఒకరికి అదే చోట కారుణ్య నియామకం. ఆ వాక్యం నేనే రాశాను. ఈసారి ఇంటికెళ్ళి మా ఆవిడకి చదివి వినిపించలేదు.

నూకరత్నం మర దగ్గరకి తలారి దేముడ్ని వేస్తారని తెలిసింది. అతను ఊళ్ళో దండోరా వేసేవాడు, తహసీల్దారు ఆఫీసులో గేటు తీసేవాడు. మిగతా మరలకి మనుషులు చాలక మా ఆఫీసు ద్వారానే కొత్తగా దరఖాస్తులు పిలిచారు. అర్హత ఎలక్ట్రికల్ డిప్లొమా. మర్నాటికి మా ఆఫీసు ముందు వరుస కాలవగట్టు దాకా వెళ్ళింది. బీటెక్కులు, ఎంటెక్కులు, చంకలో సర్టిఫికెట్లు. ఒక కుర్రాడు అప్పుడే చెప్పులు విప్పేసి అనుభవం చూపిస్తున్నాడు. పర్మనెంటేనా అని అందరూ అడిగారు గాని, పని ఏమిటని ఎవరూ అడగలేదు. చదివించిన తండ్రులు వాళ్ళ పక్కనే గొడుగులు పట్టి నిలబడ్డారు. ఆ దృశ్యం చూసి నవ్వొచ్చిందని చెప్పలేను.

ఆ వరుసలోంచి నూకరత్నం వచ్చింది.

"గుమాస్తా గారూ, నాకూ ఒక కాయితం రాసిపెట్టండి. నా మర కాడ నేనే నిలబడతాను. ఆ దేముడికి ఇద్దరాడపిల్లలు. ఆడి పేణం నా మరలో పొయ్యలేనండి."

"డిప్లొమా ఉండాలమ్మా. నువ్వేం చదివావు?"

"అయిదు." ఆమె కాసేపు ఆలోచించింది. "ఇన్నేళ్ళూ ఈ పని చేసిన తీగ ఏం సదివిందండి?"

వరుసలో ముందున్న ఎంటెక్కు తల దించుకున్నాడు. నేను నిబంధనలు తిరగేశాను. తీగ చదువు గురించి ఎక్కడా లేదు. అనుభవం ఉన్నవారికి విద్యార్హతలో సడలింపు ఉందని మాత్రం ఉంది.

"అయితే దానికే ఇప్పించండి ఉద్యోగం" అంది నూకరత్నం. "దానికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. సెలవడగదు. పోతే ఇంకోటి కొనుక్కుంటాను."

ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను మనసుపెట్టి రాసిన దరఖాస్తు అదొక్కటే. పేరు రాగి తీగ. నివాసం వీరంపాలెం కాలవగట్టు. అనుభవం నూకరత్నం మామగారి కాలం నుంచి. దురలవాట్లు లేవు. పాదరక్షలు వాడదు. ఇంటర్వ్యూలో డి.ఇ. గారు, తహసీల్దారు గారు, పరాంకుశం గారు తీగని బల్ల మీద పెట్టుకుని చాలాసేపు ప్రశ్నలు వేశారు. ఎదురు మాట్లాడలేదని అందరికన్నా ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి. రెవెన్యూ శాఖలో ఉద్యోగమిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఉద్యోగి అయ్యాక నేలలోకి దిగే హక్కు దానికి వచ్చేసింది.

సీలు విప్పి తీగని దాని గుంటలో పెట్టిన రోజు హిమబిందు తానే వెళ్ళి బిందెడు నీళ్ళు పోసింది. వరాలమ్మ గోనెగుడ్డలు విప్పేసింది. మూటలు మోసుకుని జనం మళ్ళీ వచ్చారు. ఒక చెమ్మ పొద్దున మోటారు లోపల తీగ ఇనుముకి పూర్తిగా తగిలింది. ఫ్యూజు టప్పున పోయింది, మర ఆగింది, వరాలమ్మ ఏమిటా అని చూసింది. అంతే జరిగింది. మోటారు బాగుచేయించుకుని ఆ మధ్యాహ్నానికే మళ్ళీ ఆడించారు. నూకరత్నం మా ఆఫీసుకి కారం పొట్లం పంపింది.

ఆ పొట్లం అయిపోకముందే డి.ఇ. గారు నన్ను పిలిచారు. బంగళాలో బట్టలుతికే మిషను ముట్టుకుంటే అమ్మగారికి జిల్లుమంటోందట.

"ఆ రాగి తీగ పనితీరు సంతృప్తికరంగా ఉన్నదని విన్నాను. దానిని డెప్యుటేషన్ మీద నా నివాసానికి పంపవలసిందిగా తహసీల్దారు గారిని కోరండి. మంచి ఉద్యోగులు మారుమూల ఉండిపోకూడదు."

కోరాను. కింది ఉద్యోగి అధికారి ఇంట్లో పని చెయ్యడం మా దగ్గర కొత్తేమీ కాదు, తహసీల్దారు గారు వెంటనే ఒప్పుకున్నారు. ఉత్తర్వు పట్టుకుని నేనూ ఏసుదాసూ మళ్ళీ కాలవగట్టుకి వెళ్ళాం. మర జోరుగా ఆడుతోంది. ఏసుదాసు ప్లయరు తియ్యడం చూసి నూకరత్నం కారం చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేనే చెప్పాను.

"మరి నా మరకి?" అంది.

"ఖాళీ ఉంచరమ్మా. దాని స్థానంలో తాత్కాలికంగా దేముడ్ని వేశారు."

దేముడు మా వెనకే ఉన్నాడు. గుడ్డ సంచిలో అన్నం డబ్బా పెట్టుకుని వచ్చాడు. తీగ తెగడం చూసి, సంచి మేకుకి తగిలించి, చెప్పులు విప్పి, గచ్చు మీద ఒక చెంబు నీళ్ళు పోసుకున్నాడు. ఉత్తర్వులో అలా ఉంది.

"ముట్టుకోకురా దేముడా" అంది నూకరత్నం. "మోటారు కొత్తగా కట్టించాం, ఏం కాదులే గాని, ఎప్పుడేటవుద్దో ఎవరికి తెలుసు. పేణం పోద్ది."

"ఏమోనమ్మా. ముట్టుకోపోతే ఉద్యోగం పోద్ది కదమ్మా" అన్నాడు దేముడు.

ఆమె వెళ్ళి మెయిన్ కట్టేసింది. మర ఆగిపోయింది. మిరపకాయల మూటలు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేసి, ఎవరూ స్విచ్చి వెయ్యకుండా దాని కిందే పీట వేసుకుని కూచుంది. ఆమెకి ఎదురుగా, కరెంటు లేని ఆ ఇనుము మీద చెయ్యి వేసి, డ్యూటీ అయ్యేదాకా దేముడు అలాగే నిలబడ్డాడు.